కారణం వేరు, నేరం వేరు

ఇంట్లో ఏదైనా కీడు జరిగితే మనం రెండు ప్రశ్నలు కలిపి అడుగుతాం. "ఎందుకిలా జరిగింది?" అన్నది ఒకటి. "ఎవరివల్ల జరిగింది?" అన్నది రెండోది. మొదటిదానికి జవాబు వెతకాలంటే ఓపిక కావాలి. రెండోదానికి అదీ అక్కర్లేదు. కొత్తకోడలు కాలుపెట్టిన వేళ అనేస్తే సరిపోయె!

ఈ రెండు ప్రశ్నల తేడా గురించి ఆలోచించినప్పుడల్లా నాకు లండన్‌లో సారా లూయిస్ అనే తల్లి గుర్తొస్తుంది.

1854 ఆగస్టు చివర అక్కడి సోహో పేటలో కలరా విరుచుకుపడింది. బ్రాడ్ స్ట్రీట్ చుట్టుపక్కల పది రోజుల్లో 500 మందికి పైగా పోయారు. చెడుగాలి వల్ల కలరా వస్తుందని ఆనాటి పెద్దల నమ్మకం. బీదవాళ్ళ మురికీ, నడవడీ కారణమనే వాళ్ళకీ కొదవలేదు. జాన్ స్నో అనే డాక్టరు మాత్రం నీళ్ళని అనుమానించాడు. చనిపోయినవాళ్ళ జాబితా పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, "మీవాళ్ళు ఎక్కడి నీళ్ళు తాగారు?" అని అడిగాడు. జవాబులన్నీ దాదాపు ఒక్క పంపు దగ్గరికే చేరాయి. ఎక్కడో హాంప్‌స్టెడ్‌లో ఉన్న ఒక పెద్దావిడ కూడా కలరాతో పోయింది. ఆ నీళ్ళంటే ఇష్టమని ఆవిడ రోజూ సీసాలో తెప్పించుకునేదట! ఆ వీధిలోనే ఉన్న బీరు కార్ఖానా పనివాళ్ళు తాగేది బీరు. వాళ్ళలో ఒక్కరూ చనిపోలేదు. సెప్టెంబరు 8న పంపు పిడి ఊడదీయించారు.

ఆ పేట చర్చిలో పాదిరీ హెన్రీ వైట్‌హెడ్. స్నో చెప్పింది తప్పని రుజువు చేద్దామని బయల్దేరి, తిరగ్గా తిరగ్గా తనే నమ్మాడు. పంపు ఎదుట 40వ నంబరు ఇంట్లో అయిదు నెలల పాప విరేచనాలతో సెప్టెంబరు 2న చనిపోయిందనీ, ఆ జబ్బు అందరికంటే ముందే మొదలైందనీ 1855లో అతని కంటబడింది. వెళ్ళి తల్లిని అడిగాడు. పాప గుడ్డలు జాడించిన నీళ్ళు ఇంటిముందు మురికిగుంటలో పోశానని ఆవిడ చెప్పింది. తవ్వి చూస్తే గుంట ఇటుకలు వదులైపోయి, మూడడుగుల దూరమైనా లేని బావిలోకి మురికి ఊరుతోంది.

ఆలోచించండి. బిడ్డకి బాగాలేకపోతే గుడ్డలు ఉతకని తల్లి ఉంటుందా? పారబోయాల్సిన చోటే పారబోసింది. ఆ పనే అంతమంది చావుకి కారణమైంది. మరి అది నేరమా? కాదంటాను నేను. డాక్టర్లకే తెలియనిది ఆవిడకెలా తెలుస్తుంది?

"అయితే బిడ్డ పోయిన తల్లిని అదంతా అడగడమెందుకు, పాపం!" అనొచ్చు మీరు. అడక్కపోవడం దయ అనిపించుకోదు. పిడి ఊడదీసిన రోజే ఆవిడ భర్త కూడా మంచం పట్టాడు, 19న పోయాడు. అదే ఇల్లు, అదే గుంట. పంపు పనిచేస్తూనే ఉంటే ఇంకెన్ని ఇళ్ళల్లో దీపాలు ఆరిపోయేవో!

అడిగే తీరులో ఉంది అంతా. "ఎవరు పగలగొట్టారు?" అంటే పిల్లలు గప్‌చిప్. "ఎలా పగిలిందమ్మా?" అంటే చెబుతారు. తప్పు మోపడానికి వచ్చినవాడికి సారా నిజం చెప్పి ఉండేదా? చెప్పబట్టే కదా ఆ గుంట తవ్వారు!

తప్పే వెతకాలంటే మరోచోట వెతకాలి. వీధి వీధీ తిరిగిన స్థానిక కమిటీ స్నో మాట నిజమంది. ప్రభుత్వ ఆరోగ్య బోర్డు కమిటీ మాత్రం రుజువులు ముందుంచినా కాదు పొమ్మంది. తెలియక చేసిన పనికి దుఃఖపడాలి, అంతే. తెలుసుకునే వీలుండి తలుపు వేసుకోవడం, అదీ నేరమంటే.