పెద్దలు పిల్లలను క్షమించమని అడగవచ్చునా?

గృహ జీవితం గురించి స్త్రీల సమాజము తరఫున నాలుగు మాటలు రాయమన్నారు. ఉపదేశం చేసేంతటి దాన్ని కాను. కొంతకాలంగా నన్ను వదలని ఒక ప్రశ్నను మీ ముందు పెడతాను. తల్లి వల్లనో తండ్రి వల్లనో తప్పు జరిగితే దాన్ని పిల్లల ఎదుట ఒప్పుకోవాలా? ఒప్పుకొంటే లోకువ అయిపోమా?

మన ఇళ్ళలో దీనికి జవాబు ఎప్పుడో తేలిపోయింది. పెద్దవాళ్ళు పొరబడితే కాసేపు మాట్లాడరు. తర్వాత "రా, అన్నం తిను" అంటారు. మన క్షమాపణ అంతే. ఆ పిలుపులో ప్రేమ లేదనను. కాని తప్పు ఎవరిదో ఆ అన్నం చెప్పదు.

నాకు ఈ ప్రశ్న లేసు అల్లిక నేర్చుకొంటుండగా వచ్చింది. మా సంఘములో ఒక పెద్దమ్మగారున్నారు. నలభై ఏళ్ళ క్రితం నరసాపురం దగ్గరి పల్లె నుండి కోలారు బంగారు గనులకు కాపురానికి వచ్చారు. గనులు 2001లో మూతపడ్డా వాళ్ళు ఊరు విడవలేదు. నరసాపురం ప్రాంతానికి ఈ అల్లికను 19వ శతాబ్దంలో మిషనెరీలు నేర్పారు. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పెద్దమ్మగారికి మాత్రం అది ముచ్చట కోసం నేర్చిన పని కాదు, కూలికి చేసిన పని. ఒకరు పువ్వులు అల్లితే మరొకరు వాటిని అతికేవారట. రోజంతా సూది పట్టుకొన్నా "మా ఆడవాళ్ళు ఇంట్లోనే ఉంటారు" అనేవారట మగవాళ్ళు. మరియా మీస్ అనే జర్మన్ ఆవిడ ఆ స్త్రీల గురించి 1982లో పెద్ద పుస్తకమే రాసింది. అది వేరే సంగతి, మరోసారి రాస్తాను.

ప్రభువు బల్లకు గుండ్రని లేసు గుడ్డ చేసి ఇవ్వాలని మొక్కుకొని, నేనూ ఏడో తరగతి చదివే మా అమ్మాయీ శనివారాలు ఆమె దగ్గర కూర్చున్నాము. నాలుగో తరగతి మా వాడు కూడా ఒక సూది లాక్కొన్నాడు. "మగపిల్లాడికి ఇదేం పని" అన్నవాళ్ళకు నిర్గమకాండములోని బెసలేలు, అహోలీయాబులను చూపించాను. గుడారపు పని దేవుడు ఆ మగవాళ్ళకే అప్పగించాడు.

గుండ్రని అల్లికకు లెక్కే ప్రాణం. ట్రెబుల్ కుట్టయితే మొదటి చుట్టులో పన్నెండు వేస్తాము. ఆ పైన ప్రతి చుట్టుకూ పన్నెండు పెరగాలి. ఇరవై నాలుగు, ముప్పై ఆరు, నలభై ఎనిమిది, అలాగన్నమాట. పెంచడం మరిస్తే అంచు గిన్నెలా లేస్తుంది, ఎక్కువ పెంచితే కుచ్చిళ్ళు పడుతుంది. చిక్కేమిటంటే తప్పు జరిగిన చుట్టులో అది కనబడదు, నాలుగైదు చుట్లు పోయాక బయటపడుతుంది.

ఐదో చుట్టులో నాలుగు కుట్లకొకసారి రెండేసి వేయవలసింది. నేను ఒక్కొక్కటే వేసుకుంటూ పోయాను. తొమ్మిదో చుట్టుకు గుడ్డ నేలమీద పరుచుకోవడం లేదు. "ఈ నూలే మంచిది కాదు" అన్నాను. అమ్మాయి వేలు పెట్టి లెక్కపెట్టి, "అమ్మా, ఐదో చుట్టులో అరవై ఉండాలి, నలభై ఎనిమిదే ఉన్నాయి" అంది. నేనేమన్నానో రాయడానికి సిగ్గుగా ఉంది. "పక్కన కూర్చొని వసపిట్టలా వాగుతుంటే లెక్క ఎలా ఉంటుంది? అంతా నీ వల్లనే" అన్నాను. నిజానికి ఆ రోజు అది మా ఇంట్లోనే లేదు, స్కూల్లో ఉంది.

ఆ శనివారం పెద్దమ్మగారు గుడ్డను బల్ల మీద పెట్టి అరచేత్తో అదిమారు. చెయ్యి తీయగానే అంచు లేచింది. "ఎవరమ్మా లెక్కపెట్టింది?" అన్నారు. అమ్మాయి తల వంచుకొంది గాని నా పేరు చెప్పలేదు. ఆమె ఇంకేమీ అడగకుండా దారం కొస పట్టి లాగారు. మేము ఇరవై రోజులు అల్లింది నాలుగు చుట్ల దాకా వచ్చేసింది.

నన్ను పొడిచింది గుడ్డ పోవడం కాదు, దాని మౌనం. నా పరువును పన్నెండేళ్ళ పిల్ల మోస్తోంది. దారిలో ఆగి, "అది నా తప్పేనమ్మా, నీ మీద పెట్టాను, క్షమించు" అన్నాను. "నాకు తెలుసమ్మా" అంది. పది అడుగులు వేశాక, "నానమ్మ కళ్ళజోడు విరిగినప్పుడు కూడా నీకు తెలుసా?" అని అడిగింది.

అది మూడేళ్ళ నాటి మాట. మంచం మీద కళ్ళజోడు ఉందని చూడకుండా ఉతికిన బట్టల మూట వేసింది నేను. దెబ్బ తిన్నది అది. మూట తీసినప్పుడే నాకు అర్థమైంది, అప్పటికే కొట్టేశాను. కొట్టాక ఎలా ఒప్పుకోవడం? తెలుసని చెప్పాను. అది ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు బాగుండేది.

లేసులో ఒకే దారం గనుక ఎంత తప్పైనా విప్పి మళ్ళీ అల్లుకోవచ్చు, నూలు నష్టం లేదు. పిల్లల విషయం కూడా అంతేనని చెబితే వినడానికి బాగుంటుంది గాని అది నిజం కాదు. ఆ మూడేళ్ళను నేను విప్పలేను. నా పశ్చాత్తాపం దాని చెంప మీద దెబ్బను వెనక్కి తీసుకోదు.

మరి సన్మానం మాటేమిటి అంటారు. తల్లిదండ్రులను సన్మానించమన్న ఆజ్ఞ పిల్లలకు ఇవ్వబడింది. ఆ సన్మానాన్ని అబద్ధంతో కాపాడుకొమ్మని మనకు ఎక్కడా చెప్పబడలేదు. ఎఫెసీ పత్రిక 6వ అధ్యాయము మొదటి వచనం మీద పిల్లల ఆదివారం నాడు ఎన్ని ప్రసంగాలు విన్నానో లెక్కలేదు. నాలుగో వచనం మీద విన్నది ఒక్కసారే. పిల్లలకు కోపం రేపవద్దని తండ్రులకు చెప్పిన మాట అది.

హన్నా తన కుమారునికి ఏటేటా చిన్న అంగీ కుట్టి షిలోహుకు తీసుకు వెళ్ళేదని సమూయేలు మొదటి గ్రంథము 2వ అధ్యాయములో ఉంది. తల్లుల ఆదివారం నాడు అక్కడే ఆపేస్తాము. తరువాతి అధ్యాయములో ఆ బాలుడే, బహుశా ఆ అంగీతోనే, వృద్ధుడైన ఏలీ ఎదుట నిలబడి అతని ఇంటి మీద దేవుని తీర్పు చెప్పవలసి వచ్చింది. బాలుడు భయపడ్డాడు. దాచవద్దని ఏలీయే అడిగాడు, విని ఒప్పుకొన్నాడు. కుమారులను అదుపు చేయని తండ్రిగా ఏలీని మనం తప్పుపడతాము, అది న్యాయమే. ఈ ఒక్క సంగతిలో మాత్రం అతడు నాకంటే పెద్దవాడు.

కళ్ళజోడు సంగతి మా అత్తగారికి చెప్పడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. ఆమె వత్తులు చేస్తున్న దానిలా దారం పోగు వేళ్ళ మధ్య నలుపుతూ విన్నారు. "ఆ రోజు పిల్లది ఆ గదిలోకే రాలేదు. నాకు తెలుసు" అన్నారు. "మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు అత్తయ్యా?" అన్నాను. "పిల్ల ముందు నిన్ను చిన్నబుచ్చడం ఎందుకని" అన్నారు.

ఆ సాయంత్రం ప్రార్థనకు ముందు ఆమె మనవరాలిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకొన్నారు. ఏం చెప్పారో నేను వినలేదు, వంటింట్లో ఉన్నాను.

గుడ్డ ఇప్పుడు పదకొండో చుట్టులో ఉంది. నూట ముప్పై రెండు కుట్లు. అమ్మాయి పైకి లెక్కపెడుతుంది, నేను వెనకాల సరిచూస్తాను. నిన్న అది రెండు తప్పింది, నేను మూడు తప్పాను.