బిల్బో గుహ, అన్నంభట్టు దారాలు

2012లో లెగో కంపెనీ ‘రిడిల్స్ ఫర్ ది రింగ్’ పేరుతో ఓ చిన్న సెట్టు తెచ్చింది. మొత్తం 105 ముక్కలు. టోల్కీన్ ‘ది హాబిట్’లో కొండ అడుగున, చీకటి సరస్సు ఒడ్డున బిల్బో, గొల్లమ్ పొడుపుకథల పందెం కాస్తారు కదా, ఆ ఘట్టం. కొంచెం రాతి గుట్ట, ఓ పడవ, రెండు బొమ్మలు, గోటికన్నా చిన్న ఉంగరం. సూచనల పుస్తకం పేజీ తర్వాత పేజీ తిప్పుకుంటూ పిల్లవాడు దీన్ని కట్టేస్తాడు. ముక్కలు వాడు పోతపోసినవి కావు, కథ వాడు అల్లింది కాదు, ఏ ముక్క తర్వాత ఏది అన్న వరస కూడా వాడిది కాదు. మరి వాడు చేసిన పనిని సృష్టి అనవచ్చా? అనవచ్చనే నా వాదం. కాకపోతే దానికి మామూలుగా చూపే కారణం, అంటే పిల్లల ఊహాశక్తి, నాకు చాలదు. ఊహ ఒక్కటే లెక్కయితే, చెప్పినట్టు కట్టినవాడికి అందులో దక్కేది తక్కువే.

కొత్తదనాన్ని కొలబద్దగా పెట్టుకునేవాళ్లు ఓ అంకె చూపుతారు. ఎనిమిది బుడిపెల లెగో ముక్కలు ఒకే రంగువి ఆరు ఉంటే వాటిని 91,51,03,765 రకాలుగా జోడించవచ్చని డెన్మార్క్ గణితజ్ఞుడు సోరెన్ ఐలర్స్ కంప్యూటర్‌తో లెక్కగట్టాడు. అబ్బురమే, కానీ ఈ అంకె రెండు వైపులా కోస్తుంది. ఆ కోట్ల ఆకారాలూ ముక్కల్లో ముందే ఉన్నాయనుకుంటే కట్టినవాడు చేసిందల్లా వాటిలో ఒకదాన్ని ఏరుకోవడమే. కార్యం కారణంలో ముందే దాగి ఉంటుందనే సాంఖ్యులకు ఈ మాట నచ్చుతుంది. న్యాయ దర్శనాన్ని అనుసరించే నైయాయికులు మాత్రం ఒప్పుకోరు. తెలుగువాడైన అన్నంభట్టు ‘తర్కసంగ్రహం’లో దారాలనూ బట్టనూ ఉదాహరణగా తీసుకుని కారణాలను వేరు చేశాడు: దారాలు సమవాయి కారణం, వాటి సంయోగం అసమవాయి కారణం, మగ్గం వంటివి నిమిత్త కారణం. నేసేదాకా బట్ట లేదు. నేశాక దారాలకన్నా వేరైన ఒక వస్తువు లోకంలోకి వచ్చింది. ఈ లెక్కన పుస్తకం చూసి కట్టినా, చూడకుండా కట్టినా ఆ గుహ కొత్త వస్తువే. పైగా న్యాయ వైశేషికుల ఈశ్వరుడు కూడా నిత్యమైన పరమాణువులను కూర్చి జగత్తును నిలబెట్టేవాడే తప్ప పరమాణువులను పుట్టించేవాడు కాడు. పరాయి ముక్కలతో కట్టడం తక్కువ పని అనేవాళ్లు ముందు ఆయనతో తేల్చుకోవాలి.

దీనికి వేదాంతి అడ్డు తగులుతాడు: బయటి సరుకు మీద ఆధారపడేవాడు ఈశ్వరుడెలా అవుతాడు? క్రైస్తవుడు ఇంకా ముందుకు వెళ్లి, ఏమీ లేనిచోట నుంచి ఉనికినివ్వడమే సృష్టి, తక్కినదంతా అమరికే అంటాడు. ఇది గట్టి అభ్యంతరం. టోల్కీన్ నిష్ఠగల కేథలిక్కు కాబట్టి ఆయనకూ ఈ చిక్కు ఉంది. 1939లో సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో అద్భుత కథల మీద చేసిన ప్రసంగంలో ఆయన మనిషిని ఉపసృష్టికర్తగా నిలబెట్టాడు. దేవుడు చేసినవాడు గనుక మనిషీ చేస్తాడు, దేవుడిచ్చిన దానితో చేస్తాడు. ఆయన పోయాక 1977లో వచ్చిన ‘ది సిల్మరిల్లియన్’లో ఇదే సంగతి కథగా మారింది. లోహాలకూ రాళ్లకూ అధిదేవత లాంటి ఔలె, పరమేశ్వరుడైన ఇలువతార్ తన సంతానాన్ని మేల్కొలిపేదాకా ఆగలేక రహస్యంగా మరుగుజ్జులను మలుస్తాడు. అవి నువ్వు తలచినప్పుడే కదులుతాయి, నీ ధ్యాస మళ్లితే పడి ఉంటాయి అని ఇలువతార్ మందలిస్తాడు. అంటే అచ్చం ఆటబొమ్మలే. ఔలె వాదించడు. తండ్రి చేసే పనిని బిడ్డ ఆటగా అనుకరించడంలో ఎగతాళి ఉండదని మాత్రం చెప్పుకుని, ఏడుస్తూ వాటిని పగలగొట్టడానికి సుత్తి ఎత్తుతాడు. అప్పుడవి జడిసి వెనక్కి తగ్గుతాయి. ప్రాణం ఎప్పుడో వచ్చేసింది. మన పార్వతి నలుగుపిండితో బొమ్మచేసి ప్రాణం పోసిన కథలో ఇలాంటి అనుమతి ప్రశ్నే లేదు. ఆమె ఎవరి చాటునో చేయలేదు మరి. ఔలె కథలో నాకు ముఖ్యంగా కనిపించేది ఆ సుత్తి. పనితనంలో అతడికీ, సొంత పెత్తనం కోసం సృష్టించబోయి చెడిన మెల్కోర్‌కూ పెద్ద తేడా లేదు. చేసినదాన్ని వదులుకోగలగడంలోనే తేడా అంతా ఉంది.

ఉంగరం సంగతి దీనికి తలకిందులు. దాన్ని చేసిన దుష్టుడు సౌరాన్ తన శక్తిలో పెద్ద భాగాన్ని అందులో పోశాడు, అది కరిగితే తనూ కూలిపోయేంతగా. ఇంకో విశేషం ఉంది. 1937 నాటి తొలి ‘హాబిట్’లో గొల్లమ్ పందెం ఓడితే ఉంగరాన్ని కానుకగా ఇచ్చేయడానికి నిజంగానే సిద్ధపడతాడు. అది పోయిందని తెలిశాక క్షమాపణలు కూడా చెప్పుకుంటాడు. ఉంగరం అసలు స్వభావం టోల్కీన్‌కు తర్వాత తెలిసివచ్చింది. అది వదులుకోగలిగే వస్తువు కాదని తేలాక 1951 కూర్పులో ఆ అధ్యాయాన్ని తిరగరాశాడు. పద్నాలుగేళ్లుగా పాఠకులు చదువుకున్న ఘట్టాన్ని విప్పి మళ్లీ కట్టాడన్నమాట. వదలడం చేతకానివాడి పాత్రను రాయడానికి రచయిత తన రాతను వదులుకోవలసి వచ్చింది.

కట్టిన గుహను పిల్లవాడు విప్పేయడమూ ఇలాంటి వదులుకోవడమే అంటాను. అయితే లెగో విప్పడాన్ని ఔలె త్యాగంతో పోల్చడం అతిశయోక్తి కాదా? అతడి దెబ్బ పడితే తిరిగి రాదు. ఇక్కడ ముక్కలు డబ్బాలోనే ఉంటాయి, రేపు మళ్లీ కట్టుకోవచ్చు. నా వాదానికి ఇదే అసలు పరీక్ష. బట్టలోంచి ఒక్క పోగు లాగినా పాత బట్ట నశించి వేరే బట్ట పుడుతుందని నైయాయికులు పట్టుబడతారు. ఆ పట్టుదల అతిగా అనిపించినా, ఇక్కడ అది నిజాన్ని పట్టుకుంది: సంయోగం పోతే అవయవి, అంటే ముక్కలు కలిసి అయిన వస్తువు, పోయినట్టే. రేపు కట్టేది ఇంకో గుహ. వినాయక చవితికి ఏటా అదే చెరువు మట్టి తెచ్చినా పోయినేడు నిమజ్జనం చేసిన విగ్రహం తిరిగిరాదు, అందుకే ఉద్వాసన చెప్పడం లాంఛనం కాకుండా పోతుంది. ఇక బౌద్ధుడు, మిళిందరాజుకు రథాన్ని విడదీసి చూపిన నాగసేనుడి తరఫున, అసలు గుహే లేదు, పేరే ఉంది, పోయేదేముంది అంటాడు. ఉండవచ్చు. కానీ పట్టు సడలాలన్న చోటికి ఆయనా చేరుకుంటాడు, వేరే దారిన. లెగో ముక్క నిర్మాణమే ఆ సడలింపు మీద నడుస్తుంది. 1958లో పేటెంటు తీసుకున్న కిటుకు, లోపలి గొట్టాలు బుడిపెలను బిగించి పట్టుకునేది, నిలబడేంత బిగువు, పిల్లల వేళ్లకు ఊడేంత వదులు. జిగురు పూసినవాడు దాన్ని విగ్రహం చేసుకోవచ్చు గానీ, లెగోగా మిగల్చలేడు.

ఇదంతా సినిమా హక్కులు కొని అచ్చేసిన సరుకు, దీనికి తత్త్వమా అని విసుక్కునేవాళ్లూ ఉంటారు. సరుకే. దాని అమ్మకంలో భక్తి ఏమీ లేదు, ఉందని నేను అననూ లేదు. కానీ దారం కొన్నది సంతలోనని నేతకు మైల అంటదు. నాకు అంతకన్నా ఇబ్బందిగా తోచేది మరొకటి. ఈ సెట్టు తయారీ ఆగిపోయింది. ఇలాంటి పాత పెట్టెలను మూత తీయకుండా దాచి, ఎక్కువ ధరకు చేతులు మార్చే సంగ్రాహకులు ఉన్నారు. ఆ పెట్టె లోపల గొల్లమ్ ఇంకా ముక్కలుగానే ఉన్నాడు. అన్నంభట్టు లెక్కలో అక్కడ దారాలున్నాయి, బట్ట లేదు.