శ్రీపంచమి చందా: అడగడం, ఇవ్వడం, గెలవడం

మాఘ శుద్ధ పంచమిని తెలుగువారు శ్రీపంచమి అంటారు. బెంగాల్లో అది సరస్వతీ పూజ. మనకు దసరా నవరాత్రుల్లో మూలా నక్షత్రం నాటి పూజ ఎంతో, అక్కడివారికి ఈ పంచమి అంత. పైగా బెంగాల్లో ఇది ఇళ్ళకన్నా ఎక్కువగా బడుల పండగ. ఖరగ్‌పూర్ లాంటి రైల్వే ఊళ్ళో బాలికల బడికి ఏడాది మొత్తంలో ఇంత సందడి ఉండే వారం మరొకటి లేదు. చందా వసూళ్ళు, బియ్యప్పిండి ముగ్గులు, పూజ, పుష్పాంజలి, పంక్తి భోజనం, పాటలు, నాటికలు వరసగా వస్తాయి. పండగ జనవరి, ఫిబ్రవరి నెలల్లో పడుతుంది కాబట్టి ఆటల పోటీలు, బహుమతుల పంపిణీ కూడా దానికి కాస్త అటూ ఇటూగా జరిగిపోతాయి.

ఈ వారంలో బడిపిల్ల మూడు పనులు చేస్తుంది. అడుగుతుంది, ఇస్తుంది, గెలుస్తుంది. మూడూ మామూలు పనుల్లాగే కనిపిస్తాయి. కానీ ధర్మశాస్త్రాలు, మత గ్రంథాలు తరతరాలుగా తర్కించిన ప్రశ్నలు వీటిలోనే ఉన్నాయి. చేయి చాచడం ఆత్మగౌరవానికి లోటా? నలుగురిలో పేరు చదివించుకుని ఇచ్చినది దానమవుతుందా? ఫలం మీద ఆశ పెట్టుకోవద్దన్న చోట కప్పు అందుకోవడం తప్పు కాదా?

ఊరు, పూజ

ఖరగ్‌పూర్‌ను పెంచింది రైలు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ జంక్షను కట్టి, పెద్ద వర్క్‌షాపు పెట్టింది. ఆ కొలువుల కోసం విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి వేలాది తెలుగు కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాయి. బెంగాలీలు, ఒడియాలు, బీహారీలు, తమిళులు, పంజాబీలు కూడా వచ్చారు. 1,072.5 మీటర్ల పొడవుతో ఒకప్పుడు ప్రపంచంలోనే పెద్దదిగా పేరుపొందిన ప్లాట్‌ఫారం మీద ఈ భాషలన్నీ వినబడతాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాషల్లో చోటిచ్చిందంటే, ఖరగ్‌పూర్ తెలుగువారి సంఖ్యే దానికి ముఖ్య కారణం.

వలస వచ్చినవాడికి తాతల మాన్యాలు, దేవుడి ఈనాము భూములు ఉండవు. గుడి కట్టాలన్నా, తెలుగువారి మాతా పూజ జరగాలన్నా, బెంగాలీల దుర్గా పూజ జరగాలన్నా జీతం రాళ్ళలోంచి తలా కాస్తా వేసుకోవలసిందే. కాబట్టి ఈ ఊళ్ళో చందాకు మతపరమైన బరువు ఎక్కువ.

సెప్టెంబరు నడుమ వచ్చే విశ్వకర్మ పూజకు వర్క్‌షాపులో తండ్రి తన పనిముట్లు తుడిచి పూజలో పెడతాడు. మాఘంలో కూతురు తన పుస్తకాలు పెడుతుంది. రెండు పూజల సారం ఒకటే: అన్నం పెట్టే సాధనానికి ఏడాదికి ఒక రోజు దణ్ణం పెట్టడం. సరస్వతి విగ్రహం ముందు మట్టి సిరాబుడ్డి ఉంచి దాన్ని పాలతో నింపుతారు. అందులో రెల్లు కలం నిలబెడతారు. పక్కన మోదుగ పూలు, మామిడి పూత, యవల వెన్ను ఉంచుతారు. పాదాల దగ్గర పుస్తకాల దొంతర పేరుస్తారు. తనను ఎక్కువ భయపెట్టే పుస్తకాన్నే పిల్ల అక్కడ పెడుతుంది. చాలాసార్లు అది లెక్కల పుస్తకం. ఆ రోజు చదువు ఉండదు, పుస్తకాలు అమ్మవారి దగ్గర ఉన్నాయి గనక. పూజ అయ్యేదాకా రేగుపండు నోట పెట్టరు. పసుపుపచ్చ చీరలు కట్టుకున్న పిల్లలు ఉపవాసంతో అంజలి ఘటిస్తారు. పసివాళ్ళకు మనం చేసే అక్షరాభ్యాసాన్ని బెంగాలీలు ‘హాతే ఖొడి’ పేరుతో ఆ రోజే చేస్తారు.

అడగడం

చదువుకూ భిక్షకూ సంబంధం చాలా పాతది. ఉపనయనం అయిన వటువు మొదటి భిక్ష తల్లిని అడుగుతాడు, ఆ తర్వాత ఊరి ఇళ్ళకు వెళతాడు. అతని చదువుకు ఊరంతా అన్నం పెడుతుంది కాబట్టి ఆ చదువు మీద ఊరికి హక్కు ఏర్పడుతుంది. వటువులోని అహంకారం కరగాలన్నదీ, ఈ రుణం అతనికి గుర్తుండాలన్నదీ భిక్ష ఉద్దేశం.

ఆడపిల్ల సంగతి వేరు. స్త్రీలలో బ్రహ్మవాదినులు, సద్యోవధువులు అని రెండు తెగలున్నాయని స్మృతికర్త హారీతుడు చెప్పాడు. బ్రహ్మవాదినికి ఉపనయనం, అగ్నికార్యం, వేదాధ్యయనం ఉన్నాయన్నాడు. భిక్ష మాత్రం సొంత ఇంట్లోనే చేయాలన్నాడు. చదువుకునే హక్కు ఇచ్చిన స్మృతి కూడా గడప దాటి అడిగే హక్కు ఇవ్వలేదు. ఆడపిల్ల చదువు ఇంటి విషయంగా మిగిలింది గాని ఊరు తీర్చవలసిన బాధ్యత కాలేదు.

పందొమ్మిదో శతాబ్దంలో ఆ గడప దాటించడానికి సంస్కర్తలు తామే చేయి చాచవలసి వచ్చింది. ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు 1820లో పుట్టిన బీర్‌సింహా గ్రామం, ఖరగ్‌పూర్ ఉన్న పశ్చిమ మేదినీపుర్ జిల్లాలోనే ఉంది. 1857 నవంబరు నుంచి 1858 మే లోపల ఆయన 35 బాలికల బడులు తెరిచాడు. సుమారు 1,300 మంది ఆడపిల్లలు చేరారు. ప్రభుత్వం ఖర్చు భరించడానికి ఒప్పుకోకపోతే ‘నారీ శిక్షా భండార్’ పేరుతో నిధి పెట్టి, తెలిసినవారందరినీ అడిగి పంతుళ్ళకు జీతాలిచ్చాడు. తెలుగునాట 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టిన కందుకూరి వీరేశలింగం పంతులుకు దక్షిణాది విద్యాసాగరుడన్న పేరు రావడం ఊరికే కాదు.

తర్వాతి మెట్టు ఆడపిల్ల తానే అడగడం. 1921లో గాంధీజీ కాకినాడ వస్తున్నారని తెలిసి, దేవదాసీలనూ ఘోషా పాటించే ముస్లిం స్త్రీలనూ ఆయనతో కలపాలని పన్నెండేళ్ళ దుర్గాబాయి పట్టుబట్టింది. అయిదు వేల రూపాయల నిధి ఇస్తే ఆయన సమయం దొరుకుతుందన్నారు నిర్వాహకులు. ఆ స్త్రీలే ఆ డబ్బు పోగుచేశారు. సభలో ఆయన మాటలు విని ఒంటిమీది నగలు కూడా తీసి ఇచ్చారు. మొత్తం పాతిక వేల రూపాయల దాకా అయిందని దుర్గాబాయి తన ఆత్మకథలో చెప్పుకుంది. సమాజం వెలివేసిన స్త్రీలు ఆ రోజు దాతల వరసలో నిలబడ్డారు. ఒక పిల్ల అడగబట్టి వారికి ఇచ్చే అవకాశం వచ్చింది.

తన పొట్టకోసం అడగడం యాచన. పదిమంది పనికోసం అడగడం ఒక సేవ. అడిగేవాళ్ళు లేకపోతే ఇచ్చేవాడి మంచితనం మనసులోనే ఉండిపోతుంది. రసీదు పుస్తకం పట్టుకుని క్వార్టర్ల గుమ్మాల ముందు నిలబడే తొమ్మిదో తరగతి పిల్ల, హారీతుడు ఇంటికే కట్టడి చేసిన భిక్షను వీధిలోకి తెచ్చింది. ఆమె చదువు ఇప్పుడు ఊరి బాధ్యత.

ఇవ్వడం

చందా, దానం ఒకటి కావు. దానమంటే వస్తువు మీద తన స్వత్వం వదులుకుని ఎదుటివాడికి స్వత్వం కల్పించడం అని శాస్త్రకారులు నిర్వచించారు. ఇచ్చాక ఆ వస్తువులో దాతకు భాగం ఉండదు. చందా ఇచ్చినవాడు పూజకు వస్తాడు, పిల్లలతో కూర్చుని ఖిచుడి తింటాడు. వైదిక కర్మల్లో దీనికి దగ్గరగా ఉన్నది సత్రయాగం. ఇందులో పదిహేడు మందికి తక్కువ కాకుండా కలిసి దీక్ష పడతారు. అందరూ యజమానులే, అందరూ ఋత్విక్కులే. ఒకరికొకరు దక్షిణ ఇచ్చుకోరు. ఫలం భాగాలు కాదు, ప్రతి ఒక్కరికీ పూర్తిగా దక్కుతుందని మీమాంసకులు తేల్చారు. పది రూపాయలిచ్చిన ఖలాసీకీ, వెయ్యి రూపాయలిచ్చిన అధికారికీ పూజ ఒక్కటే. ఇది ఎరిగిన బడిలో అంకెల వరసలో పేర్లు చదవరు.

పేరు చదివించుకోవడంపై మతాలు దాదాపు ఒకే మాట మీద ఉన్నాయి. శ్రద్ధతో, వినయంతో, తెలిసి ఇవ్వాలని తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లి శిష్యుణ్ణి బడి విడిచే వేళ హెచ్చరిస్తుంది. దేశకాలపాత్రాలు చూసి, తిరిగి ఏదీ కోరకుండా ఇచ్చేది సాత్త్వికమనీ, ప్రతిఫలం చూసుకుని మనసు నొచ్చుకుంటూ ఇచ్చేది రాజసమనీ, అవమానించి ఇచ్చేది తామసమనీ భగవద్గీత పదిహేడో అధ్యాయం విడదీసింది. కుడిచేయి ఇచ్చింది ఎడమచేతికి తెలియరాదన్నది యేసు బోధ. కానుకల పెట్టెలో రెండు చిన్న నాణేలు వేసిన పేద విధవ ధనవంతులందరికన్నా ఎక్కువ వేసిందని కూడా ఆయనే చెప్పాడు. బహిరంగంగా ఇస్తే మంచిదే, గుట్టుగా పేదలకిస్తే మరింత మంచిదన్నది ఖురాన్ మాట. బహిరంగ దానాన్ని ఖురాన్ కాదనకపోవడం గమనించాలి. ఒకరు ఇవ్వడం చూసి మరొకరు ఇస్తారు. నలుగురికీ కనబడటంలో తప్పు లేదు. కనబడటం కోసమే ఇస్తే తప్పు.

దానాన్ని చెడగొట్టేది మరొకటి ఉంది, బలవంతం. వీధుల్లో దారి ఆపి వసూలు చేసే పద్ధతిని బెంగాలీలు ‘చాందార్ జులుమ్’ అంటారు. బడిలో ఆ జులుం మరో రూపంలో వస్తుంది. తలకు ఇంత అని నిర్ణయించి, తేనివాళ్ళ పేర్లు బోర్డు మీద రాస్తే అది పన్ను. తండ్రికి పని లేని పిల్ల ఆ వారం బడికి రావడానికి సిగ్గుపడుతుంది. పూజ పేరుతో ఒక పసిమనసు నొచ్చుకుంటే ఆ పూజకు ఫలం లేదు. ముగ్గు వేసిన పిల్ల, కూరగాయలు తరిగిన పిల్ల, అంట్లు తోమిన పిల్ల తమ చందా ఇచ్చినట్లే.

అందరి బడి

రైల్వే ఊరి బడిలో హిందువుల పిల్లల పక్కనే ముస్లిం, క్రైస్తవ, సిక్కు పిల్లలు కూర్చుంటారు. సరస్వతీ పూజలో వాళ్ళ స్థానం ఏమిటి? ప్రభుత్వ గుర్తింపో సాయమో పొందే విద్యాసంస్థల్లో ఎవరినీ వారి సమ్మతి లేకుండా ఆరాధనలో కూర్చోబెట్టరాదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. మైనరు పిల్లలైతే సంరక్షకుల సమ్మతి కావాలి. చట్టం చెప్పింది ఇంతవరకే. ధర్మం ఇంకొంచెం ముందుకు వెళుతుంది. అంజలి ఘటించని పిల్ల బడికి పరాయిది కాకూడదు. ముహమ్మద్ ప్రవక్తకు మొదట వినిపించిన వాక్కు చదవమన్న ఆజ్ఞ అని ముస్లింల విశ్వాసం. దేవుడు కలంతో నేర్పాడన్న మాట ఆ అధ్యాయంలోనే ఉంది. సిక్కులు తమ పవిత్ర గ్రంథాన్నే గురువుగా కొలుస్తారు. విగ్రహం దగ్గర దారులు వేరైనా, పుస్తకం మీది గౌరవం దగ్గర అందరూ కలుస్తారు. పూజామంటపంలో కూర్చోవడం ఎవరి ఇష్టం వారిది. పంక్తి భోజనంలో, పాటల పోటీలో, రసీదు పుస్తకం మోయడంలో అందరికీ సమాన భాగం ఉండాలి.

గెలవడం

వారం చివర్లో బహుమతులు వస్తాయి. పరుగులో ఒకరు, పాటలో ఒకరు, తరగతిలో ఒకరు మొదట నిలుస్తారు. కర్మ చేయడంలోనే అధికారం ఉంది, ఫలాల మీద లేదన్న గీతా బోధ ఇక్కడ ఎలా అన్వయిస్తుంది? ఫలం వద్దనడం దాని అర్థం కాదు. ఫలం ఒక్కరి చేతిలో లేదని తెలుసుకోవడం దాని అర్థం. పరుగులో నెగ్గిన పిల్ల కాళ్ళ వెనక తెల్లవారకముందే లేచి చద్దన్నం కట్టిన తల్లి ఉంది, నేర్పిన టీచరు ఉంది, పక్కన పరిగెత్తి వేగం పెంచిన ఓడిన పిల్ల ఉంది. తన కోసమే వండుకునేవాడు పాపం తింటాడనీ, యజ్ఞశేషం తినేవాడికి దోషం లేదనీ గీత మూడో అధ్యాయం చెబుతుంది. బహుమతిని ప్రసాదంగా తీసుకోవడమంటే ఇదే. ప్రసాదం దాచుకునేది కాదు, పంచేది.

గెలుపు రుణంగా మారాలి. మనిషి పుట్టుకతోనే దేవ, ఋషి, పితృ రుణాలు మోసుకొస్తాడని వేదం చెప్పింది. ఋషి రుణం చదువుకుంటే తీరుతుంది. పెద్దలు అధ్యయనం పక్కనే అధ్యాపనాన్ని కూడా ఉంచారు. కాకినాడలో పాతిక వేలు పోగుచేయించిన దుర్గాబాయి, ఇంకా చిన్నతనంలోనే బాలికలకు హిందీ పాఠశాల నడిపింది. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించి, చదువు మధ్యలో ఆగిన స్త్రీలు మళ్ళీ పరీక్షలకు కూర్చునేలా చేసింది. 1958లో ఏర్పడిన జాతీయ స్త్రీ విద్యా మండలికి మొదటి అధ్యక్షురాలయింది. చిన్ననాడు అడిగి తెచ్చినదాన్ని ఆమె జీవితమంతా చదువుగా తిరిగి ఇచ్చింది.

ఇన్ని ప్రశ్నలకూ తేలే తీర్పు ఒకటే. పదిమంది కోసం అడిగినప్పుడు అది భిక్ష, మనసు నొప్పించకుండా తీసుకున్నప్పుడు అది యజ్ఞం, పంచినప్పుడు గెలుపు ప్రసాదం. ఆ పరీక్షలో నెగ్గితే బాలికల బడిలో ఈ వారమంతా పూజే. నెగ్గకపోతే పంచమి నాటి అంజలి కూడా ఆచారంగానే మిగులుతుంది.

మర్నాడో ఆ పైరోజో విగ్రహాన్ని నీళ్ళలో కలుపుతారు, పిల్లలు పుస్తకాలు తిరిగి తీసుకుంటారు. అప్పుడు చేయవలసిన పని ఇంకొకటి ఉంది. ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, మిగిలింది ఎవరి ఫీజుకు, ఎవరి పుస్తకాలకు వెళ్ళింది అన్న లెక్క పిల్లల చేతే రాయించి నోటీసు బోర్డు మీద పెట్టించాలి. సాయం అందుకున్న పిల్ల పేరు మాత్రం అందులో రాయకూడదు. ఖరగ్‌పూర్‌లోనైనా కాకినాడలోనైనా, బడి నడిపే పెద్దలు ఈ రెండు నియమాలూ తప్పక పాటించాలి.