ఐదోది దైవం

"అమ్మ పిలిస్తే ఎక్కడున్నా పట్టుకుపోద్ది మేష్టారూ. షెల్టర్లో దాక్కుంటే ఒదిలేస్తాదేటి?" తిత్లీ తుపాను ముందురోజు శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు తీరంలో ఒక ముసలమ్మ అడిగింది. గంగమ్మను నమ్ముకున్న మనిషి. వెంటనే జవాబు తోచలేదు. బతిమాలి తీసుకెళ్ళాం.

నేను బళ్ళో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. రోజూ దీపం పెడతాను, తుపాను రోజుల్లో ఉపగ్రహ చిత్రాలూ చూస్తాను. ఆమె ప్రశ్నను మూఢనమ్మకమని కొట్టెయ్యలేను. అంతా అమ్మ చేతిలో ఉంటే రాడార్లెందుకు, తుపాను పరిశోధనలెందుకు?

భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం ఏ పనికైనా ఐదు కారణాలు చెబుతుంది. అధిష్ఠానం, కర్త, కరణాలు, చేష్టలు. ఐదోది దైవం. అధిష్ఠానమంటే శరీరమని పెద్దలు వ్యాఖ్యానించారు. నేను దాన్ని మనం నిలబడ్డ నేల దాకా, ఇంటి కప్పు దాకా చూస్తాను. ఇక కరణాలంటే నాకు విశాఖపట్నం రాడారు, ఉపగ్రహం, తుపాను షెల్టరు. మొదటి నాలుగింటినీ వదిలేసి నేరుగా ఐదోదాని మీదికి తోసెయ్యడం భక్తి కాదు. మన బాకీని దేవుడి పద్దులో రాయడం.

1977 నవంబరులో దివిసీమ ఉప్పెనలో వేలమంది పోయారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటే ముందు లక్షలమందిని తీరం నుంచి తరలించారు. ప్రాణనష్టం పదుల్లోనే ఆగింది. ఈ రెండింటి మధ్య కాలంలో సముద్రం శాంతించలేదు, దాని గురించి మనకు తెలిసింది పెరిగింది. అంతకుముందు విధి అనుకున్నదాంట్లో ఎంత భాగం మనకు తెలియనితనమో దాన్నిబట్టే తేలింది.

అలాగని అంతా తెలిసిపోలేదు. తుపాను ఏ దారిన వస్తుందో చెప్పడం బాగా మెరుగుపడింది. ఎంత త్వరగా బలపడుతుందో చెప్పడం ఇప్పటికీ కష్టమే. అందుకే ఒక్కోసారి జనాన్ని తరలించాక తుపాను అనుకున్నంత బలపడదు. "ఏటీ రాలేదు, ఊరికే తిప్పారు" అంటారు. ఆ మాట నాకు బాధ. తుపాను రానంతమాత్రాన వెళ్ళడం దండగ కాదు. ఫలితం మన చేతిలో లేదని తెలిసీ చెయ్యవలసింది చెయ్యడమే కదా గీత చెప్పిన కర్మ!

నన్ను నిజంగా కలవరపెట్టేది తోటలు. తిత్లీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 140-150 కిలోమీటర్లు. వేగం వందనుంచి నూట యాభైకి పెరిగితే చెట్టు మీద తోపు రెండింతలు దాటుతుంది. పొద్దున్న తోటలోకి వెళ్తే జీడిచెట్లు వేళ్ళతో సహా పడున్నాయి. నిలబడ్డ కొబ్బరిచెట్లలో కొన్నింటికి మొవ్వు మెలితిరిగిపోయింది. మొవ్వు పోతే చెట్టు పోయినట్టే, నిలబడ్డా ఎండుతుంది. నాటు కొబ్బరి కాపుకి రావాలంటే ఆరేడేళ్ళు. మనుషుల్ని షెల్టరుకి పంపాం, చెట్టునెక్కడికి పంపుతాం?

ఇక్కడ మాత్రం దైవం వాటా ఎక్కువని ఒప్పుకుంటాను. ఎక్కువైనా, మనం వెతకని మేరకే. ఏ రకం చెట్టు నిలబడింది, ఎంత ఎడంలో నాటిన తోట తట్టుకుంది, ఏ వైపు గాలికి కప్పులు లేచాయి అన్న లెక్క ఈ ఉద్దానం ప్రాంతంలో ఊరూరా ఉండాలి. పడిన చెట్లను నరికి బండికెత్తక ముందే పిల్లల చేత నోటుపుస్తకాల్లో రాయించాలి: చెట్టు రకం, వయసు, ఏ దిక్కుకి పడింది. ఈ సంగతులు ఉపగ్రహం చెప్పదు, తోటలోకి నడిచినవాళ్ళే చెప్పగలరు.