వీధి కుక్క, ఒకింటి బిల్లు

టీకాలు ఉచితంగా ఎందుకివ్వాలంటే అందరి నోటా వచ్చే జవాబు ఒకటే: నా బిడ్డకు వేసిన చుక్కలు నీ బిడ్డను కూడా కాపాడతాయి. పోలియో అట్లనే పోయింది. సహజ పోలియో వైరస్ చివరి కేసు మన దేశంలో 2011 జనవరి 13న హౌరాలో బయటపడింది, అంతే. అక్కడ ఇచ్చేదెవరో పుచ్చుకునేదెవరో విడదీయలేం. దాన్ని దానం అనడం కూడా తప్పే.

కుక్కకాటు టీకా దగ్గర ఈ లెక్క నిలవదు. కాటు పడినవాడు టీకా వేయించుకుంటే బతికేది వాడొక్కడే. మరి బిల్లు వాడే కట్టుకోవాలా?

పోయిన ఎండాకాలం మా మేనకోడలి కొడుకు అంగడి నుంచి పాలప్యాకెట్టు తెస్తుంటే వీధి కుక్క పిక్క పట్టుకుంది. రెండు పండ్లు దిగినాయి. కొళాయి కింద సబ్బు పెట్టి పావుగంట కడగమని నేను మేనకోడలికి ఫోన్లో మొత్తుకున్నా. ఆ పని చేసి, భయం కొద్దీ దగ్గరున్న ఒక ప్రైవేటు ఆసుపత్రికి ఎత్తుకుపోయింది. సాయంత్రానికి బిల్లు. టీకా ఒక వరుస, గాయం చుట్టూ వేసే ఇమ్యునోగ్లోబ్యులిన్ ఒక వరుస, సూది వేసినందుకు ఇంకో వరుస, అడుగున అర్థం కాని వరుస మరొకటి. "మామా, టీకాలు ఊరికే వేస్తారంటిరే" అంది. వేస్తారు, సర్కారు ఆసుపత్రిలో. వయల్ మీది ఎంఆర్‌పీ, బ్యాచ్ నంబరు చూపించమని కౌంటర్లో అడిగితే అర్థం కాని ఆ వరుస ఎగిరిపోయింది. మిగతాది కట్టినాం. తర్వాతి మోతాదులు సర్కారు ఆసుపత్రిలో పైసా లేకుండా వేయించినాం.

అక్కడ చూసిందొకటి చెప్పాల. చర్మంలోకి వేసే పద్ధతిలో చెయ్యికొక చుక్కంత, 0.1 మిల్లీలీటరు, సరిపోతుంది. 0, 3, 7, 28 రోజుల్లో పోవాల. ఒక వయల్ పలువురికి వస్తుంది, కానీ తెరిచినాక కొన్ని గంటల్లోనే వాడేయాల. "ఇంకొకరు రానీండి, తెరుస్తా" అంది నర్సమ్మ. బెంచీ మీద మాతో పాటు గొర్లు కాసే ముసలాయన, కాలేజీ పిల్ల. ఒకరి మందు ఇంకొకరి రాకతో ముడిపడి ఉంది.

ఇంటికొస్తే "వాని కర్మ" అన్నాడు పక్కింటి పెద్దాయన. ఆ మాట నాకు మింగుడుపడలేదు. కర్మ అంటే చేసినవాడు అనుభవించేది కదా, పిల్లోడు చేసిందేముంది? ఆ కుక్కను సాకింది మేము. తిన్నాక మిగిలిన అన్నం మా ఇంటి నుంచే గోడ పక్కకు పోతుంది. కుక్కలకు, కాకులకు, పురుగులకు నేల మీద అన్నం పెట్టమని మనుస్మృతి గృహస్థుకు చెప్పింది (ఆ వరుసలోనే కొందరు మనుషులనూ కలిపింది, ఆ పాపం వేరే లెక్క). ధర్మరాజు కుక్కను వదిలి స్వర్గానికి రానన్నాడని పిల్లలకు చెప్తాం. ఆ కుక్క ఎవరినీ కరవలేదు. ఉగాదికి చౌడేశ్వరమ్మ గుడి చుట్టూ బురదలో ఎద్దులను, గాడిదలను తిప్పే ఊరు మాది. జంతువులను భక్తిలోంచి వెలివేయమని నేననను. అన్నం పెట్టిన పుణ్యం వీధి పంచుకున్నప్పుడు కాటు ఖర్చు ఒకింటికే ఎందుకు పోవాల, అంతే నేనడిగేది.

మసీదు దగ్గర టీ తాగుతూ ఇదే మాట ఎత్తితే అక్కడి పెద్దాయన ఫర్జె కిఫాయా అన్నాడు. జనాజా నమాజు అట్లాంటిదంట. కొందరు చదివితే అందరి బాధ్యతా తీరుతుంది, ఎవరూ చదవకపోతే ఊరంతా పాపి. నాకు అన్ని ధర్మశాస్త్రాల కంటే ఇది దగ్గరగా తోచింది. ఇక్కడ సర్కారు టీకా దయ కాదు, ఊరు తన తరఫున ఒకరిని పెట్టి తీర్చుకుంటున్న బాకీ.

దయతో మొదలైన మాట నిజమే. 1907లో కూనూరులో కుక్కకాటు వైద్యానికి పాస్టర్ ఇన్‌స్టిట్యూట్ లేచింది హెన్రీ ఫిప్స్ అనే అమెరికా ధనికుడిచ్చిన డబ్బుతో. తర్వాత గొర్రె మెదడుతో చేసిన టీకా వచ్చింది. బొడ్డు చుట్టూ 14 సూదులని మా పెద్దలు వణికింది దానికే. దాత మనసు మారితే దానం ఆగుతుంది, రేబిస్ ఆగదు. లక్షణాలు బయటపడినాక దాదాపు ఎవరూ బతకరు.

అసలు పని ఇంకా ముందుంది. కుక్కల్లో 70 శాతానికి టీకా పడితే వాటిలోనే జబ్బు తెగిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు వీధికుక్కలకు ఆపరేషన్ చేసి, టీకా వేసి, రేబిస్ ఉన్నవి, మీదపడేవి తప్ప మిగతావాటిని పట్టుకున్న చోటే వదలమంది. తిండి మాత్రం కేటాయించిన చోటే పెట్టమంది. మా సందులో రోజూ అన్నం పెట్టే అక్కను, కార్పొరేషన్ వాళ్లు వస్తే కుక్కలను పట్టియ్యమని అడిగినా. "బువ్వ పెట్టేది నేను, పట్టిచ్చేది నేను, మీరందరూ మిద్దె మీద నుంచి చూస్తారా?" అంది. గోనెసంచులు, తాళ్లు నేను తెస్తానని ఒప్పుకున్నా. కర్మ అన్న పెద్దాయనను కూడా పిలవమంది.