పక్షుల ఉపాధికి అడ్డుపడకండి

శీతకాలంలో ఫజ్ర్ నమాజు ముగించుకొని నందికొట్కూరుకు ఉత్తరాన ఉన్న కృష్ణ ఒడ్డుకు వెళ్ళి చూడండి. శ్రీశైలం జలాశయపు నీరు వెనక్కి తగ్గేకొద్దీ బురదనేల బయటపడుతుంది. ఆ బురదలో కొంగలు కదలకుండా నిలబడి ఉంటాయి. ఉల్లంకి పిట్టలు ముక్కుతో పొడిచి పురుగులు వెదుకుతుంటాయి. వాటికి గాదెల్లేవు, జీతాల్లేవు.

మనం అల్లాహ్‌ను నమ్మవలసిన విధంగా నమ్మితే, ఉదయం ఖాళీ కడుపుతో వెళ్ళి సాయంత్రం నిండు కడుపుతో తిరిగొచ్చే పక్షులకు లభించినట్లే మనకూ ఉపాధి లభిస్తుందని దైవప్రవక్త (స) బోధించారు (తిర్మిజీ). ఈ హదీసు మనం తరచూ వింటాం. అయితే ఆ పక్షి గూట్లో కూర్చోలేదు, బయలుదేరింది. తవక్కుల్ అంటే చేతులు కట్టుకొని కూర్చోవడం కాదు. మరో సంగతి కూడా ఉంది. ఉపాధినిచ్చేవాడు అల్లాహ్. ఆ ఉపాధి పరచి ఉన్న నేలను పాడుచేసేది మాత్రం మనమే.

సాక్ష్యం దూరంలో లేదు. మన రోళ్ళపాడు గడ్డిభూములను బట్టమేక పక్షి కోసమే 1988లో అభయారణ్యంగా ప్రకటించారు. మీటరు ఎత్తుండే ఆ పక్షి నేలమీదే, సాధారణంగా ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. బీళ్ళు దున్నేస్తే, కుక్కలు తిరిగితే ఆ ఒక్కటీ దక్కదు. ఎగిరేటప్పుడు కరెంటు తీగలకు తగిలీ చనిపోతుంది. దేశమంతటా స్వేచ్ఛగా తిరిగేవి 150 లోపే ఉంటాయని అంచనా. రోళ్ళపాడులో అది కనబడడమే గగనమైపోయింది.

రెక్కలతో ఎగిరే పక్షులు కూడా మీలాంటి సముదాయాలేనని దివ్యఖుర్ఆన్ తెలుపుతోంది (అల్ అన్‌ఆమ్: 38). అలాంటప్పుడు ఒక సముదాయం మన కళ్ళముందే తుడిచిపెట్టుకుపోతుంటే మనకేమీ పట్టదా?

ఒక ప్రయాణంలో సహాబాలు ఒక పిట్ట పిల్లలను పట్టుకున్నారు. తల్లి రెక్కలు కొట్టుకుంటూ చుట్టూ తిరగసాగింది. అది చూసిన ప్రవక్త (స), పిల్లలను తల్లికి తిరిగి ఇచ్చేయమని ఆజ్ఞాపించారు (అబూదావూద్).

మన యువకులు కొందరు సెలవు రోజున ఉండేళ్ళు, వలలు పట్టుకొని కౌజుల వెంట పడుతున్నారు. ఆహారం కోసం వేటను షరీఅత్ అనుమతించిన మాట నిజమే. కాని ప్రాణమున్న దాన్ని సరదాగా గురిపెట్టడాన్ని ప్రవక్త (స) తీవ్రంగా నిషేధించారు (ముస్లిమ్). పైగా కౌజుల వేట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. దేశ చట్టాన్ని పాటిస్తామన్న ఒప్పందాన్ని నిలబెట్టుకోవడం కూడా విశ్వాసి లక్షణమే.

కాబట్టి గూళ్ళు కట్టే కాలంలో చేనుగట్టు మీది గడ్డికి నిప్పు పెట్టకండి. నీటి ఒడ్డున వలలు, ప్లాస్టిక్ వదిలి రాకండి. ఒక చెట్టు నాటండి. దాని ఫలాన్ని పక్షి తిన్నా అది మీకు సదఖా అవుతుందని శుభవార్త ఉంది (బుఖారీ, ముస్లిమ్).

రేపు తీర్పుదినాన ఈ నేల అమానతు గురించి అల్లాహ్ ప్రశ్నిస్తే తలదించుకోని సమాధానం మన దగ్గర ఉండాలి. అల్లాహ్ మనందరికీ ఆ సద్బుద్ధి ప్రసాదించుగాక! ఆమీన్.