కుండ, జ్వరం

దేవుడున్నాడా అని అడిగితే బడిలో మాస్టారు కుండ సంగతి చెప్పేవారు. కుండ ఉందంటే కుమ్మరి ఉన్నట్టే, మరి కొండ ఉందంటే దాన్ని చేసినవాడూ ఉండాలి కదా అని. ఇది పాత వాదమేనని చాలా ఏళ్లకు తెలిసింది. వెయ్యేళ్ల కిందట మిథిలలో ఉదయనుడనే తార్కికుడు ‘న్యాయకుసుమాంజలి’లో ఇదే వాదించాడు. భూమి ఒక కార్యం, కార్యానికి కర్త ఉండి తీరాలి అని.

వినడానికి బాగానే ఉంది. కానీ ఈ మాట నేను బడికంటే ముందే మా ఊళ్లో విన్నాను. దేవుడి గురించి కాదు, ఒక ముసలమ్మ గురించి. ఆ వానాకాలం వరసగా ఇద్దరు పిల్లలు జ్వరంతో పోయారు. జ్వరం ఊరికే వస్తుందా, ఎవరో చేస్తేనే కదా అన్నారు. చిల్లంగి అన్నారు. అందరి చూపూ ఆమె మీద పడింది. కొడుకు ఆమెను చీకట్లోనే గెడ్డ దాటించాడు. ఆమె మళ్లీ ఊరు చూడలేదు.

రెండూ ఒకే వాదం. పని కనబడింది కాబట్టి చేసినవాడు ఉండాలి. అందుకే మనల్ని చూసి నవ్వే చదువరులకు ఆ హక్కు లేదంటాను.

తప్పెక్కడుంది? కుమ్మరి సారె తిప్పడం మనం చూశాం, కాబట్టి కుండను చూసి కుమ్మరిని తలుస్తాం. కొండను చేస్తుండగా ఎవరూ చూడలేదు. స్కాట్లాండ్‌కు చెందిన హ్యూమ్ 1779లో అచ్చయిన పుస్తకంలో ఇలాంటి అభ్యంతరమే ఉంది. జ్వరం సంగతి మాత్రం ఒకరు కళ్లారా చూశారు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. దొరికింది దోమ, ముసలమ్మ కాదు.

దీంతో దేవుడు లేడని తేలిపోదు. ఆ దారిన చేరలేమని మాత్రమే తేలుతుంది. కొర్ర కొత్తల నాడు మా అమ్మ కొండకు కొత్త గింజ పెట్టేది. కొండను ఎవరు చేశారని ఎన్నడూ అడగలేదు. మనం తినే ముందు పెట్టాలి, అంతే. అందులో కారణం వెతకడం లేదు, కాబట్టి దోషిని వెతకడమూ లేదు. (కొండకు కోపమొచ్చిందని అప్పుడప్పుడు ఆమే అనేది, అదీ దాచను.)

ఒకసారి ఊరి మీటింగులో దోమ సంగతి చెబుతుంటే ఒక తల్లి లేచింది. “దోమ ఇంట్లో అందర్నీ కుట్టింది బాబూ, నా బిడ్డే ఎందుకు పోయాడు?” అంది. వయసు, బలహీనత, ఆలస్యంగా అందిన మందు అని చెప్పొచ్చు. ఆమె అడిగింది అది కాదు. ఆ ప్రశ్నకు ‘ఫలానావాళ్లు’ అనే జవాబు లేదనే నా నమ్మకం. అది ఆమెతో అనలేకపోయాను. వెళ్లి పక్కన కూర్చున్నాను.